నిదానంగా పోయే కారును నిదానంగానే పోనివ్వండి

పోయినసారి ఒత్తుల గురించి రాశాను. ఈసారి వ్యాకరణం లేదు, కారు ఉంది. కార్లంటే ఆసక్తి లేనివాళ్లు కూడా కొంచెం ఓపిక పట్టండి. నేను తెలుగు రాయడం ఎందుకు నేర్చుకున్నానని మీలో కొందరు అడిగారు. దానికి జవాబు కూడా ఈ కారులోనే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 1980ల మొదట్లో అమెరికాలో తయారైన పెద్ద, ఖరీదైన రెండు తలుపుల కార్లు మంచి కార్లు. అవి వేగంగా పోవు. వేగంగా పోవడానికి వాటిని చేయలేదు. అలాంటి కారు మీ చేతికి వస్తే దాని ఇంజను పీకేసి కొత్త ఇంజను పెట్టకండి. బాగు చేయండి, వేరే కారుగా మార్చకండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నా దగ్గర ఉన్నది 1984 బ్యూక్ రివియేరా. బయట లేత గోధుమ రంగు, లోపల ముదురు ఎరుపు మఖ్మల్ సీట్లు. ఆరేళ్ల కిందట ఇక్కడే, బర్కాలో, ఒక ఖర్జూర తోటలో దొరికింది. తోట యజమాని ముసలాయన దాన్ని రేకుల షెడ్డు కింద పెట్టి, మీద టార్పాలిన్ కప్పి, పదకొండేళ్లు కదిలించలేదు. టైర్లు నేలకు అంటుకుపోయాయి. వెనక సీటు కింద ఎలుకలు గూడు కట్టాయి. మా నాయన ఆ తోటలో నీళ్ల మోటారు బాగు చేయడానికి వెళ్లి దాన్ని చూశాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ మాటల్లో చెప్పాడు. నేను మరుసటి రోజే వెళ్లాను.

మా నాయనది రాయచోటి దగ్గర ఒక పల్లె. 1989లో ఒమాన్ వచ్చాడు. అప్పటినుంచి బండ్లు బాగు చేయడమే ఆయన పని. నేను ఇక్కడే పుట్టాను. ఇండియన్ స్కూల్లో హిందీ చదివాను. తెలుగు ఇంట్లో మాట్లాడాను కానీ ముప్పై ఏళ్లు వచ్చేదాకా చదవడం రాలేదు. ఇప్పుడు ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. కార్లకీ నా ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు.

మొదట మాట సంగతి. ఇలాంటి రెండు తలుపుల కారును కూపే అంటారు. నేను ఆ మాట అనగానే నాయన అన్నాడు: "కూపే అంటే రైల్లో ఉంటాది కదా పాపా, ఫస్ట్ క్లాసులో, ఇద్దరు పడుకునేది." నేను నవ్వాను. తర్వాత వెతికి చూస్తే ఆయన చెప్పిందీ అదే మాట. ఫ్రెంచిలో దానికి 'కోసినది' అని అర్థం. పాత రోజుల్లో పెద్ద గుర్రపు బండిని సగానికి కోసినట్టు, ఇద్దరు కూర్చునేలా చేసిన బండిని అలా పిలిచేవాళ్లు. అది రైల్లోకి వచ్చింది, కారులోకీ వచ్చింది. మా నాయన రైల్లో కూపే ఎప్పుడూ ఎక్కలేదు. కారు కూపే ఎక్కాడు.

ఈ కార్లను చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. పాత కార్ల అభిమానులు ఆ కాలాన్ని 'మలేజ్' కాలం అంటారు. మలేజ్ అంటే ఒంట్లో బాగాలేనట్టు నీరసంగా ఉండటం. 1979 జూలైలో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ టీవీలో ఒక ప్రసంగం చేశాడు. దానికి మలేజ్ ప్రసంగం అని పేరు వచ్చింది. నిజానికి ఆయన ఆ మాట వాడనే లేదు. పేరు మాత్రం అంటుకుంది, ఆ కాలపు కార్లకు కూడా అంటుకుంది.

నవ్వడానికి కారణం లేకపోలేదు. నా కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉంది, 5 లీటర్లది. అది ఇచ్చేది 140 హార్స్‌పవర్. ఈరోజు మామూలు ఫ్యామిలీ కారు 2 లీటర్లలోనే అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. మరి ఇంత పెద్ద ఇంజనుకు ఇంత తక్కువ బలం ఎందుకు?

1973లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పెట్రోల్ బంకుల ముందు క్యూలు కట్టారు. 1975లో అమెరికా ఒక చట్టం తెచ్చింది. ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ ఇంత ఉండాలి అని. 1978కి గాలనుకు 18 మైళ్లు, 1985కి 27.5 మైళ్లు. దానికి తోడు పొగ తగ్గించే నియమాలు. 1979లో ఇరాన్ విప్లవం తర్వాత చమురు ధర మళ్లీ పెరిగింది. కంపెనీలు కార్లను కోయడం మొదలుపెట్టాయి. కాడిలాక్ ఎల్డొరాడో చూడండి. 1978లో దాని పొడవు దాదాపు 5.7 మీటర్లు. 1979లో 5.2 మీటర్లు. ఒక్క ఏడాదిలో అర మీటరు పోయింది. ఇంజను 1976లో 8.2 లీటర్లు ఉండేది, 1982లో 4.1 లీటర్లు. సరిగ్గా సగం.

ఇక్కడ కూర్చుని ఇది చదివినప్పుడు నాకు వింతగా అనిపించింది. గల్ఫ్ చమురు ఆగిపోవడం వల్ల ఈ కార్లు చిన్నవయ్యాయి. చిన్నవై మళ్లీ గల్ఫ్‌కే వచ్చాయి. ఒమాన్ ఒపెక్‌లో లేదు, కానీ ధర పెరిగితే అందరికీ పెరుగుతుంది కదా. 1970లో ఈ దేశం మొత్తంలో తారు రోడ్డు పది కిలోమీటర్ల దాకానే ఉండేదని ఇక్కడి పిల్లలు బడిలో నేర్చుకుంటారు. ఆ చమురు డబ్బుతో రోడ్లు వచ్చాయి. ఆ రోడ్ల మీద తిరగడానికి అమెరికా బండ్లు వచ్చాయి. వాటిని బాగు చేయడానికి మా నాయన వచ్చాడు. ఆయన వచ్చిన కొత్తలో చేతికి ఎక్కువగా వచ్చినవి షెవర్లే కాప్రిస్‌లు. నాలుగు నోళ్ల కార్బురేటర్ విప్పడం వాటి మీదే నేర్చుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. ఒక వస్తువును అది చేయడానికి పుట్టిన పనితోనే కొలవాలి. రోలును పరుగు పందెంలో పెట్టి ఓడిపోయిందంటే తప్పు రోలుది కాదు. ఈ కారు చేయడానికి పుట్టిన పని ఏమిటి? ఇద్దరిని, ముందు సీట్లలో, అలసట లేకుండా, చప్పుడు లేకుండా దూరం తీసుకుపోవడం.

దానికోసం వాళ్లు చాలా ఖర్చు పెట్టారు. మామూలుగా అప్పటి పెద్ద అమెరికా కార్లకు వెనక చక్రాలు తిరిగేవి. రివియేరా, ఎల్డొరాడో, ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో మూడింటికీ ముందు చక్రాలు తిరుగుతాయి. మూడింటి కింద చట్రం ఒకటే. ఇంజను నిలువుగానే ఉంటుంది, దాని బలం ఒక గొలుసు ద్వారా గేర్‌బాక్సుకు వెళ్తుంది. వెనక చక్రాలు రెండూ వేటికవే లేస్తాయి, దిగుతాయి. ఒకవైపు గుంతలో పడితే రెండోవైపు కదలదు. వెనక గాలి షాకులు ఉన్నాయి. డిక్కీలో బియ్యం బస్తాలు వేస్తే ఒక చిన్న పంపు 'గుర్ర్' అని మోగి, కుంగిన వెనక భాగాన్ని మళ్లీ పైకి లేపుతుంది. మా అమ్మకు కారులో నచ్చింది అదొక్కటే.

తలుపు పొడవు చాలా ఎక్కువ. నాయనకు మోకాళ్ల నొప్పి. చిన్న కార్లలో తల వంచి, కాళ్లు మడిచి, మూలుగుతూ ఎక్కుతాడు. ఇందులో వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తీసుకుంటే చాలు. శుక్రవారం తెల్లవారుజామున మేమిద్దరం బర్కా నుంచి సవాది బీచ్ దాకా పోయి వస్తాం. ఎనభై దాటను. ఒక్కోసారి నఖల్ వేడి నీళ్ల ఊట దాకా పోతాం. తిరిగి వచ్చేటప్పుడు హల్వా కొంటాం. బర్కా హల్వాకు మంచి పేరు ఉంది.

ఇంట్లో నాయన పెద్దగా మాట్లాడడు. ఫోను చూస్తాడు, నిద్రపోతాడు. ఈ కారులో మాట్లాడతాడు. ఎందుకో నాకు తెలుసు. ఇంజను చప్పుడు మీద గొంతు పెంచాల్సిన పని లేదు. నేను రోడ్డు చూస్తూ ఉంటాను కాబట్టి ఆయన ముఖం చూడను. ఎవరికీ తొందర లేదు. 1982లో ఎన్టీఆర్ చైతన్య రథం చూడటానికి ఎంత దూరం నడిచాడో ఇందులోనే చెప్పాడు. అది కూడా ఒక పాత షెవర్లే. హరికృష్ణ నడిపేవాడు. మా నాయన జీవితంలో చూసిన మొదటి అమెరికా బండి అదేనట. "ఎన్టీవోడిని సరిగ్గా చూడలే పాపా, జనం. బండి ముక్కు మాత్రం చూసినా" అన్నాడు. ఈ కథ నాకు ముప్పై మూడేళ్లు వచ్చేదాకా తెలియదు.

రివియేరా కొన్నవాళ్లకు కూడా తమకేం కావాలో తెలుసు. 1985లో అమెరికాలో 65 వేలకు పైగా రివియేరాలు తయారయ్యాయి. 1986లో కంపెనీ దాన్ని బాగా చిన్నది చేసి, లోపల టచ్ స్క్రీన్ పెట్టింది. అవును, 1986లో టచ్ స్క్రీన్. ఆ ఏడాది లెక్క మూడో వంతు దాకా పడిపోయింది. కొనేవాళ్లు ఆ కారులో కోరుకున్నది కొత్తదనం కాదు, ఆ పొడవు, ఆ మెత్తదనం.

ఇంజను మార్చమని చెప్పేవాళ్ల మాట కూడా న్యాయంగా వినాలి. ఇక్కడ గల్ఫ్‌లో అది మామూలు విషయం. కొత్త షెవర్లే వీ8, లేదా లెక్సస్ ఇంజను పెడితే బలం రెండింతలు అవుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. స్పేర్ పార్టులు పక్క వీధిలో దొరుకుతాయి. వేసవిలో 45 డిగ్రీల ఎండలో కార్బురేటర్ ఉన్న బండి ట్రాఫిక్‌లో మొరాయిస్తుంది, ఇది నిజం. నా బండి లీటరుకు 6 కిలోమీటర్లు ఇస్తుంది, ఇదీ నిజం. ఇక్కడ లీటరు పెట్రోల్ పావు రియాల్ లోపే కాబట్టి బతికిపోతున్నాను.

కానీ కొత్త ఇంజను పెట్టాక ఏమవుతుందో ఆలోచించండి. బలం పెరిగితే బ్రేకులు చాలవు, మార్చాలి. గొలుసుతో నడిచే ఆ గేర్‌బాక్సు ఆ బలం తట్టుకోదు, తీసేయాలి. ముందు చక్రాలు తిప్పడం మానేసి వెనక చక్రాలు తిప్పాలి, నేలను కోయాలి. స్ప్రింగులు గట్టివి వేయాలి. చివరికి మిగిలేది పైన రేకు, లోపల సీట్లు. మెత్తగా పోవడం అనే గుణం పోయింది, అంటే ఆ కారే పోయింది. వేగం కావాలంటే వేగంగా పోయే కారు కొనుక్కోవచ్చు. తక్కువ డబ్బుకే వస్తుంది.

నేను ఏమీ మార్చలేదని చెప్పను. పాత ఏసీకి ఆర్-12 అనే గ్యాసు కావాలి. ఓజోన్ పొరకు హాని చేస్తుందని దాని తయారీ ఆపేశారు. ఆర్-134ఏ వేసుకోవడానికి ఏసీ ఆయిలు, రబ్బరు సీళ్లు, డ్రయ్యర్ మార్చాం. రేడియేటర్‌ను పెద్దది చేయించాం. హెడ్‌లైట్లు మంచివి వేశాం. బంపరుకూ బాడీకీ మధ్య ఉండే మెత్తటి ముక్కలు ఎండకు బిస్కెట్లలా పొడి అయిపోయాయి. వాటి బదులు ఫైబర్‌వి చేయించాం. నా నియమం ఇది: కారు తన పని తాను చేసుకోవడానికి అవసరమైనది మార్చవచ్చు. వేరే కారు పని చేయడానికి మార్చకూడదు.

కొనాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. అన్నీ కొనదగ్గవి కావు. 1981 కాడిలాక్‌లో ఒక ఇంజను ఉంది. అవసరాన్ని బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడవాలి. ఆలోచన మంచిదే, కానీ అప్పటి కంప్యూటర్ దానికి చాలలేదు. చాలామంది ఆ వైరు పీకేసి ఎనిమిదితోనే నడుపుకున్నారు. 1982 నుంచి వచ్చిన ఆ 4.1 లీటర్ల ఇంజను వేడికి, లీకులకు పేరు మోసింది. ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల డీజిల్ ఇంజనుకు హెడ్ బోల్టులే శత్రువులు. 1981లో క్రైస్లర్ ఇంపీరియల్ అనే అందమైన కూపే వచ్చింది, ఫ్రాంక్ సినాట్రా పేరుతో పాటల క్యాసెట్లు కూడా ఇచ్చారు. కానీ దాని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఎంత ఇబ్బంది పెట్టిందంటే చాలా కార్లకు దాన్ని తీసి కార్బురేటర్ పెట్టాల్సి వచ్చింది. పెట్రోల్‌తో నడిచే 5 లీటర్ల ఓల్డ్స్‌మొబైల్ ఇంజను ఉన్న రివియేరా గానీ టొరొనాడో గానీ చూడండి. బలం లేదు, కానీ మొండిది. కొనేముందు పైకప్పు వినైల్ అంచులు వేలితో నొక్కి చూడండి. కరకరమంటే కింద తుప్పు ఉంది. మా సముద్రపు గాలికి తుప్పు త్వరగా వస్తుంది.

ఇక నోట్‌బుక్ సంగతి. కారు కొన్న కొత్తలో ఒకరోజు నేనే తెలివైనదాన్ని అనుకుని కార్బురేటర్ చుట్టూ ఉన్న సన్నటి రబ్బరు గొట్టాలన్నీ ఒకేసారి పీకాను, కొత్తవి వేద్దామని. ఏది ఎక్కడిదో మర్చిపోయాను. నాలుగు రోజులు బండి దగ్గుతూ ఉంది. నాయన బానెట్ కింద అంటించిన కాగితం చూపించాడు. గొట్టాల పటం దాని మీదే ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఏడో తరగతి దాకా తెలుగు చదివాడు. కానీ పటం చదువుతాడు. "చదువుకున్నదానివి, చూసుకోవద్దా?" అన్నాడు.

ఆ రోజు ఒక నోట్‌బుక్ కొన్నాను. ఆయన చెప్పేది నేను రాయాలి. ఇంగ్లీషులో రాస్తే నేను తప్పు రాశానో లేదో ఆయన చూడలేడు. కాబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మొదటి పేజీలో నేను రాసిన వాక్యం "కారు కారుతోంది". ఆయిలు లీకవుతోందని నా ఉద్దేశం. నాయన చదివి చాలాసేపు నవ్వాడు, తప్పు లేదు అన్నాడు. స్పానర్ అని రాస్తే కొట్టేసి 'పానా' అని రాశాడు. డెంట్ అని రాస్తే 'సొట్ట' అని దిద్దాడు. ఇప్పుడు అందులో 140 పేజీలు ఉన్నాయి. మధ్యమధ్యలో ఆయన చేతిరాత ఉంది, ఆయిలు మరకలతో.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, నాయన వచ్చే నెల పూర్తిగా ఊరికి వెళ్లిపోతున్నాడు. అమ్మ కూడా. ఊర్లో ఇంటి మీద ఒక గది కడుతున్నారు, మిద్దె వేయడానికి డబ్బు తక్కువైంది. కారు వాళ్లతో రాదు. స్టీరింగ్ ఎడమ వైపు ఉన్న నలభై ఏళ్ల బండిని రాయచోటిలో ఏం చేస్తాం?

మూడు వారాల కిందట మస్కట్ నుంచి ఒకతను వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. 1,900 రియాల్ ఇస్తానన్నాడు. కారు చుట్టూ తిరిగి, ఇంజను తీసేస్తాను, పెద్ద చక్రాలు వేస్తాను, అన్నాడు. ఆ డబ్బుతో మిద్దె పడిపోతుంది. నాయన అతను వెళ్లాక అన్నాడు: "ఇచ్చేయ్ పాపా. నేను పోయినాక దీన్ని ఎవురు జూస్తారు?"

నాకు కోపం వచ్చింది, కానీ ఆయన మాటలో తప్పు లేదు. ఇదే నా అభిప్రాయంలో కష్టమైన భాగం. 'మార్చకండి' అని చెప్పడం సులభం. బాగు చేయడం చేతకాకపోతే ఆ మాటకు విలువ లేదు. షెడ్డు కింద పదకొండేళ్లు ఉన్నప్పుడు కూడా ఈ కారును ఎవరూ మార్చలేదు, కానీ ఎలుకలు తిన్నాయి. ఊరికే దాచిపెట్టడం కూడా ప్రేమ కాదు.

నేను అతనికి వద్దని చెప్పాను. మిద్దె డబ్బు నెలనెలా నేను పంపుతాను, ఆలస్యంగా పడుతుంది. నాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి నోట్‌బుక్ తీసి, చివర ఖాళీగా ఉన్న పేజీల్లో తనే రాయడం మొదలుపెట్టాడు, నేను అడగకుండానే. "ఎండాకాలం ముందు చేయవలసినవి" అని పైన రాసి కింద గీత గీశాడు.

నాకు నేను ఒక గడువు పెట్టుకున్నాను. ఏడాది లోపల ఈ బండిని నా చేతులతో నడిచేలా ఉంచలేకపోతే అమ్మేస్తాను. ఇంజను తీయని మనిషికి, తక్కువ డబ్బుకైనా సరే.

ఎప్పటిలాగే, తప్పులు ఉంటే చెప్పండి. ముఖ్యంగా ఒకటి: కార్బురేటర్ లోపల చిన్న తెప్పలాగా తేలుతూ పెట్రోల్ మట్టం చూసుకునే ముక్క ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని తెలుగులో ఏమంటారు? మా నాయన దాన్ని 'బెండు' అంటాడు. నేను నోట్‌బుక్‌లో అదే రాశాను.